పేరుకు నూరు లీటర్లు

క్లాక్ టవర్ దగ్గర జానీపాషా దుకాణంల
అద్దాల తొట్లకు పేర్లున్నయి:
యాభై, డెబ్భై అయిదు, నూరు, నూట యాభై.
మా పంటి దవాఖానకు నూరు వచ్చింది ఆటోల,
పాత దుప్పటి కప్పుకొని
జరమొచ్చిన మనిషి లెక్క.

బిల్లు మీద నూరు.
శశిరేఖ మేడం నోట్ల నూరు.
నీళ్లు పోసేది నేను గనుక
అనుమానం నా చేతులకే వచ్చింది.

బోరు నీళ్లు వద్దన్నడు పాషా,
"ఈ దిక్కు బోరు మనుషులకే పడదు, చాపలకేం పడుతది."
కృష్ణ నీళ్ల క్యాన్లు తెప్పిచ్చినం.
ఇరవై లీటర్ల క్యాను అంటరు గద,
లీటరు డబ్బాతోటి కొలిచి పోసిన:
పందొమ్మిదిన్నర.
సగం లీటరు ఏడ పోయిందంటే
క్యాన్ల సైదులు నవ్విండు,
"మూత కింద జర గాలి ఉండాలె గదక్కా."

అడుగున గులకరాళ్లు, మూడేళ్ల మందం.
పెద్దరాళ్లు నాలుగు, ఒక ప్లాస్టిక్ కోట,
మూలకు బుడబుడమనే ఫిల్టరు.
అంచు కింద రెండేళ్లు ఖాళీ,
లేకుంటె ఎగిరి బండల మీద పడతయట.
డెబ్భై రెండో డబ్బాకు
ఇగ చాలు అన్నది తొట్టి.

ఎవ్వరికీ చెప్పలే.
ఎవరడిగిన్రు?

నెల దాటినంక బంగారు చాపల మీద
ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు.
మందు సీసా మీద రాసుంది,
పది లీటర్లకు అయిదు చుక్కలని.
మేడం పేరును నమ్మి యాభై అన్నది.
లెక్క తెలిసిన నేను
సీసా వంచిన.
ఒక్కొక్క చుక్క పడుడు, ఆకుపచ్చ పొగ తీరుగ విచ్చుకునుడు.
ముప్పై ఆరో చుక్క కాడ చెయ్యి ఆగింది.
ఆగి,
మళ్ల వంగింది.

తెల్లారి రెండు చాపలు వెల్లకిల.
"మందు పడలేదేమో" అన్నది మేడం.
పేపర్ల చుట్టి బయట పారేసిన,
చెయ్యి రెండుసార్లు సబ్బుతోటి కడుక్కున్న.

మా అమ్మది మర్రిగూడ దిక్కు.
బాయి కాడ రెండు బిందెలు ఎత్తుకునేది,
ఇంటికొచ్చేటాళ్లకు ఒకటిన్నర.
కడమది తొవ్వ తాగింది, ఆమె వీపు తాగింది.
వాడకట్టు లెక్కల మాత్రం ఎన్నడైనా రెండే.
మోకాళ్లు వంగింది రెంటికి,
మేం తాగింది ఒకటిన్నర.
ఆ సగం ఎవరి ఖాతాల రాయాలెనో
నాకిప్పటికీ తెల్వది.

పాషాను పోయి నిలదీసిన.
ఆయన టేపు తీసి గాల్లెనే కొలిచిండు:
"ముప్పై, పద్నాలుగు, పదిహేను అంగుళాలు.
బయటి నుంచే కొలుస్తమమ్మా, అందరం.
అద్దం మందం ఎవడు తీసేస్తడు?
రాళ్లు నేను పెట్టిన్నా? కోట నేను కట్టిన్నా?
ఖాళీగ ఉన్నప్పుడు అది నూరే."
కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది.
ఖాళీగ ఉన్నప్పుడు నేను గూడ నూరే, పాషా భాయ్.

ఇప్పుడు తొట్టి వెనక, గోడ దిక్కు,
నల్ల మార్కరుతోటి రాసున్నది: 72.
పోయిన వారం మేడం ఇంకో రాయి తెచ్చింది,
కొట్టేసి 71 జేసిన.

నిన్న ఒక పిల్లగాడొచ్చిండు.
పండ్ల మీద గోధుమరంగు గీతలు,
మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం.
అద్దానికి ముక్కు ఆనిచ్చి అడిగిండు,
"ఆంటీ, దీంట్ల ఎన్ని నీళ్లున్నయి?"

ఎండకాలం. ఫ్యాను కింద
పొద్దటికి మాపటికి జరజర దిగుతున్నయి.
వెనక రాసింది గూడ పాతదే అయితది.
"కొలుద్దాం పా" అన్న,
లీటరు డబ్బా నిండ ముంచి వానికిచ్చిన.

ఒలకకుండ పొయ్యాల్నంటే
రెండు చేతులు కావాలె.
నోటి మీది చెయ్యి తీసిండు.